ఒక చుట్టుకి ఒకసారి

ఒకే మాట పదిసార్లు చెప్పేవాళ్ళని మనం ‘అరిగిపోయిన రికార్డు’ అంటాం. మా మావయ్య ఈ మాట ఒప్పుకునేవాడు కాదు. బందరులో ముప్ఫై ఏళ్ళకు పైగా గ్రామఫోన్లు, రేడియోలు బాగుచేసిన మనిషి ఆయన. “అరిగిన ప్లేటు బుసకొడుతుందిరా. గీత పడ్డ ప్లేటు అన్నదే అంటుంది. ఆ రెండింటికీ పొత్తేమిటి?” అనేవాడు. అది మాట పట్టింపు కాదు. చేతిలో ప్లేటు పట్టుకుని కొట్టు ముందు నిలబడ్డ మనిషికి ఏం చెప్పాలన్నది ఆ తేడా మీదే ఉండేది. బుస వస్తోందంటే గాడి గోడలు కొట్టుకుపోయాయన్నమాట. దానికి మందు లేదు. అన్నదే అంటోందంటే గీత అడ్డంగా పడి, ఒక గాడి నుంచి పక్క గాడికి దొంగదారి తెరిచిందన్నమాట. ముందుకు పోవలసిన ముల్లు వెనకటి చుట్టులోకి జారిపోతోంది. భూతద్దం కింద పెట్టి సన్నటి సూదితో ఆ దారి సరిచేస్తే ఒక్కోసారి పాట సాగేది.

గ్రామఫోను చరిత్ర రాసినవాళ్ళు పాడినవాళ్ళ గురించి రాశారు, కంపెనీల గురించి రాశారు. పాట సరిగా రానప్పుడు జనం ఎవరి దగ్గరికి పరుగెత్తారో వాళ్ళ గురించి రాసింది నాకు పెద్దగా కనపడలేదు. మనం పాట వింటాం. వాళ్ళు పాట వెనక యంత్రం వినేవాళ్ళు. ఆ వినడం ఎలా ఉండేదో నాకు తెలిసినంతవరకు రాసి పెట్టాలని చాలాకాలంగా ఉంది.

మావయ్య కొట్టు కోనేరు సెంటరుకు నాలుగడుగుల దూరంలో, మెట్ల కింద గదిలాంటిది. 1969 వేసవి సెలవుల్లో, పదకొండేళ్ళవాణ్ణి, మొదటిసారి అక్కడ స్టూలు మీద కూచున్నాను. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ఫిర్యాదు: “పాట బాగా రావట్లేదు మేస్త్రీగారూ.” అంతకు మించి ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. మావయ్య పెట్టె విప్పేవాడు కాదు. ప్లేటు పెట్టి, కళ్ళు మూసుకుని, కచేరీలో ముందు వరసలో కూచున్నవాడిలా తొడ మీద తాళం వేసేవాడు. పాటకి కాదు ఆ తాళం, తప్పుకి. ఆ దోషం ఎంతసేపటికి ఒకసారి వస్తోందో లెక్కపెట్టేవాడు.

ఆ లెక్క వినడానికి తేలిక. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకి 1.8 సెకన్లు. టక్కుమన్న చప్పుడు గానీ, గొంతు ఊగడం గానీ, సరిగ్గా 1.8 సెకన్లకి ఒకసారి వస్తుంటే తప్పు ప్లేటులో ఉంది, పెట్టెని అనవసరంగా విప్పొద్దు. 78 చుట్ల ప్లేటుకైతే అదే తప్పు ముప్పావు సెకనుకి కాస్త ఎక్కువలో మళ్ళీ వస్తుంది. అలాకాక ఒక చుట్టు తిరిగేలోపు అయిదారుసార్లు ‘ధబ్ ధబ్’ అంటుంటే పళ్లేన్ని తిప్పే రబ్బరు చక్రం నొక్కుకుపోయింది. చక్రం చిన్నది, పళ్లెం ఒకసారి తిరిగేసరికి అది అయిదారుసార్లు తిరుగుతుంది గదా. లెక్కకి అందకుండా, పాట ఉన్నా లేకపోయినా ఒకే తీరున మోగుతుంటే మోటారో, ఆంప్లిఫయరో, ఎర్తు తీగో. గొంతు పెద్దదైనచోట మాత్రమే బొంగురుపోతుంటే ముల్లు. ఎన్ని పెట్టెలు వచ్చినా ఆయన మొదటి ప్రశ్న నా వైపు తిరిగి అడిగేది ఒకటే: “చుట్టుకి ఎన్నిసార్లు?”

ఈ విద్య ఆయనకి కీ ఇచ్చే పెట్టెల దగ్గర అబ్బింది. స్వాతంత్ర్యానికి ముందు, కుర్రతనంలో, నాటకాల వాళ్ళ ఇళ్ళలోనూ జమీందారీ లోగిళ్ళలోనూ ఉన్న పెట్టెలకి గ్రీజు పెట్టడంతో మొదలుపెట్టాడట. ఆ పెట్టెలో కరెంటు లేదు, వాల్వు లేదు. స్ప్రింగు చుట్టి వదిలితే పళ్లెం తిరుగుతుంది, గాడిలో ముల్లు అదురుతుంది, ఆ అదురు సౌండు బాక్సులో పల్చటి రేకుకి పోతుంది, రేకు గాలిని కదిలిస్తుంది, బాకా ఆ గాలిని పెద్దది చేస్తుంది. 1931లో వచ్చిన హెచ్.ఎం.వి. 102 పెట్టె మా కొట్టులో అలమర మీద ఎప్పుడూ ఒకటి ఉండేది. బాకా బయటికి కనపడదు, పెట్టె పొట్టలోనే మడతపడి ఉంటుంది. దాన్ని చూసి పిల్లలు పాట ఎక్కణ్ణించి వస్తోందని చుట్టూ తిరిగేవాళ్ళు.

ఆ పెట్టెల రోగాల్లో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది గవర్నరు. స్ప్రింగుకి మొదట బలం ఎక్కువ, పోనుపోను తక్కువ. అయినా పళ్లెం ఒకే వేగంతో తిరగాలి. అందుకని సన్నటి కమ్మీ చుట్టూ మూడు సీసం గుళ్ళు, వాటిని పట్టుకున్న మూడు రేకులు. వేగం పెరిగితే గుళ్ళు బయటికి విచ్చుకుని, ఒక చిన్న పళ్లేన్ని తోలు ముక్కకి ఒరిపించి వేగం తగ్గిస్తాయి. ఆ తోలు ఎండితే, లేదా మూడు రేకుల్లో ఒక దాని మర వదులైతే, పాటలో సన్నటి వణుకు పుడుతుంది. గవర్నరు పళ్లెం కన్నా చాలా రెట్లు వేగంగా తిరుగుతుంది కనక ఆ వణుకు లెక్కకి అందదు. పాట తెలియనివాళ్ళకి అది గాయకుడి గొంతులోదే అనిపిస్తుంది. ఒకసారి ఒక పెద్దమనిషి తల ఊపుతూ, “ఏం గమకమండీ!” అన్నాడు. మావయ్య మర్యాదగా, “అది గమకం కాదండీ, గవర్నరు,” అని చెప్పి, రెండు చుక్కల నూనె వేసి మళ్ళీ వినిపించాడు. వణుకు పోయింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. అంతకాలం తను మెచ్చుకున్నది ఏమిటో అప్పుడే తెలిసినట్టుంది పాపం.

ముల్లు సంగతి వేరే కథ. చిన్న రేకు డబ్బాలో 200 ఉక్కు ముళ్ళు వచ్చేవి. ఒక్కో ముల్లుకి ఒక వైపు పాటే ఆయుష్షు, రెండో వైపుకి కొత్తది పెట్టాలి. ఇది కంపెనీ అమ్మకాల కోసం పెట్టిన నియమమని చాలామంది అనుకున్నారు, అదే ముల్లుతో పెళ్ళంతా నడిపారు. కారణం ప్లేటు తయారీలో ఉంది. ఆనాటి ప్లేటు లక్కతో చేసింది. ఏటికొప్పాక బొమ్మల మీద మెరుపు తెచ్చేదీ, హైదరాబాదు లాడ్ బజారు గాజుల్లో కరిగేదీ ఆ లక్కే. ఛోటానాగపూర్, బెంగాల్ అడవుల్లో పురుగు చెట్టుకొమ్మల మీద పెట్టే ఈ లక్క ప్రపంచంలోని ప్లేట్లన్నింటికీ ప్రధానంగా మన దేశం నుంచే వెళ్ళేది. ఒట్టి లక్క మెత్తన. అందుకని అందులో రాతిపొడి కలిపారు. ఆ పొడి ఆకురాయిలా పనిచేసి మొదటి కొద్ది చుట్లలోనే ముల్లు కొసని అరగదీసి గాడి ఆకారానికి తెస్తుంది. గాడిని కాపాడేది ముల్లు అరగడమే. పాట అయ్యేసరికి కొస పక్కలు పదునెక్కి ఉలిలా తయారవుతుంది. అదే ముల్లు రెండో పాట మీద పెడితే ఉలి గాడిని చెక్కడం మొదలుపెడుతుంది. వెలుగుకి అడ్డంగా పట్టి చూస్తే మంచి ప్లేటు నల్లగా నిగనిగలాడుతుంది, ముల్లు మార్చకుండా వాడింది బూడిదరంగు తేలుతుంది. మావయ్య ప్లేటు పెట్టకుండానే, ఇలా వంచి చూసి, “ఈ ఇంట్లో ముళ్ళ దగ్గర పొదుపు చేశారు,” అనేవాడు.

మన దేశంలో ఈ ప్లేట్ల కథ 1902 నవంబరులో కలకత్తాలో మొదలైంది. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగు నిపుణుడు ఓడలో సామాను తెచ్చి, గౌహర్ జాన్ చేత పాడించాడు. పాట చివర ఆవిడ తన పేరు తానే చెప్పుకుంటుంది. అచ్చువేసేది జర్మనీలో హానోవర్‌లో గనక, ఈ భాష తెలియని పనివాళ్ళకి ఎవరి ప్లేటో తెలియాలి గదా. 1908లో కలకత్తా సియాల్దాలో అచ్చు కర్మాగారం వచ్చాక ఆ అవసరం తీరింది. కానీ ఆ రోజుల రికార్డులకి ఒక చిక్కు ఉండిపోయింది. పేరుకి 78 చుట్లే గానీ, తొలినాళ్ళలో ఒక్కొక్కరు ఒక్కో వేగంతో తీశారు. 70కీ 82కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 78 చుట్లలో నాలుగున్నర చుట్ల తేడా వస్తే శ్రుతి హార్మోనియం మీద ఒక మెట్టు మారిపోతుంది.

మా మావయ్యకి ఇది ప్రాణం మీది సంగతి. మా వైపు ప్లేట్లంటే పద్యాలు. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలు, తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు. రంగస్థలం మీద తెల్లవార్లూ సాగే రాగాన్ని ప్లేటుకి ఒక వైపు పట్టే మూడు నిమిషాల్లో ఇమిడ్చి పాడినవాళ్ళు. మైకు లేని కాలం వాళ్ళు కనక శ్రుతి ఎలాగూ పైనే. పెట్టె కాస్త తొందరగా తిరిగిందంటే ఆ గొంతు కీచుగా, చిన్నపిల్లవాడిదిలా అవుతుంది. “నాటకాల వాళ్ళు అరుస్తారు,” అనే మాట ఆ కాలంలో చాలామంది నోట విన్నాను. వాళ్ళు విన్నది గాయకుణ్ణా, సరిచేయని గవర్నరునా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. మావయ్య కొట్టులో బల్ల కింద పాత హార్మోనియం ఉండేది. ప్లేటు పెట్టి, ఆధార షడ్జమం పట్టుకుని, మెట్టు నొక్కి చూసేవాడు. పాట రెండు మెట్ల మధ్య ఇరుక్కుంటే వేగం మర తిప్పేవాడు. అయితే నాటకంలో మోగిన హార్మోనియం, మా బల్ల కింద ఉన్నది ఒకే శ్రుతిలో ఉంటాయని పూచీ లేదు. అందుకని ఆఖరి తీర్పు కాగితం ముక్కది. ప్లేటు అంచు కింద చిన్న చీటీ దోపి, గడియారం చూస్తూ, అది ఎన్నిసార్లు ముందుకొస్తుందో లెక్కపెట్టాలి. నిమిషానికి 78. ఎల్పీకి ఇంకా చక్కటి లెక్క ఉంది: మూడు నిమిషాలకి సరిగ్గా 100. ఆ వేసవి అంతా నా పని ఆ చీటీలు లెక్కపెట్టడమే.

కరెంటు పెట్టెలు వచ్చాక రోగాలు తగ్గుతాయనుకున్నారు. పాతవి పోయి కొత్తవి వచ్చాయి. 1948లో అమెరికాలో ఎల్పీ పుట్టింది. లక్క పోయి వినైల్ వచ్చింది, గాడి సన్నబడింది. 78 ప్లేటు గాడికి తగ్గ ముల్లు కొస అంగుళంలో వెయ్యింట మూడు వంతులైతే, ఎల్పీకి వెయ్యింట ఒక వంతే. కాబట్టి పికప్ తలలో రెండు ముళ్ళు పెట్టి, తిప్పుకునే చిన్న మీట ఇచ్చారు. ఒక వైపు 78 అని, ఒక వైపు ఎల్పీ అని రాసి ఉండేది. మా కొట్టుకి ‘చెడిపోయి’ వచ్చిన పెట్టెల్లో ఎన్నిటికి ఈ మీట తిప్పడమే వైద్యమో చెప్పలేను. ఎల్పీ ముల్లు 78 గాడిలో అడుక్కి జారి దుమ్ములో ఈదుతుంది, పాట వానలో విన్నట్టు ఉంటుంది. తిరగేసి పెడితే ఇంకా ఘోరం, లావు ముల్లు ఎల్పీ గాడి గోడల్ని చితక్కొట్టేస్తుంది. మీట తిప్పినందుకు మావయ్య డబ్బు తీసుకునేవాడు కాదు. కానీ వాళ్ళ చేత పదిసార్లు మీట తిప్పించి గానీ పంపేవాడు కాదు.

ఈ పికప్ తలలో ఉన్నది క్రిస్టల్. రోషెల్ లవణం అనే ఉప్పుపలుకు. దాన్ని నలిపితే కరెంటు పుడుతుందని 1880లో పియేర్, జాక్ క్యూరీ అనే అన్నదమ్ములు కనిపెట్టారు. ముల్లు కదిలినప్పుడల్లా పలుకు నలుగుతుంది, ఆ కరెంటు ఆంప్లిఫయరుకి పోతుంది. చవక, గట్టిగా మోగుతుంది, అందుకే మధ్యతరగతి ఇళ్ళలోని పెట్టెలన్నింటిలో, పెళ్ళిళ్ళ మైకు సెట్లలో అదే. కానీ ఉప్పు ఉప్పే. చెమ్మ తగిలితే కరుగుతుంది, ఎండ 55 డిగ్రీలు దాటితే పాడవుతుంది. బందరులో గాలే ఉప్పుచెమ్మ. మైకు సెట్టుని కారులో పెట్టి, తలుపు మూసి ఎండలో వదిలినవాళ్ళకీ అదే గతి. పాట రోజురోజుకీ సన్నగిలి, ఒకనాడు గుసగుసగా మిగిలేది. వినేవాళ్ళు ఆంప్లిఫయరు పోయిందనుకునేవాళ్ళు. మావయ్య పికప్ తీగ ఊడదీసి, దాని కొసకి వేలు తాకించేవాడు. స్పీకరు ‘బుర్ర్’మంటే ఆంప్లిఫయరు భేషుగ్గా ఉంది, చచ్చింది క్రిస్టల్. (కొన్ని పెట్టెల్లో లోపలి రేకుకే కరెంటు ఉండేది. వేలు పెట్టే ముందు ప్లగ్గు తిప్పి, టెస్టరుతో చూసి గానీ ముట్టుకోనిచ్చేవాడు కాదు నన్ను.) మద్రాసు రిచీ స్ట్రీటు నుంచి పార్సిల్లో కొత్త తలలు వచ్చేవి. తర్వాత సిరామిక్ తలలు వచ్చి ఈ బాధ చాలావరకు తీరింది.

‘బుర్ర్’ల్లోనూ రకాలున్నాయి. లావుపాటి మంద్రం అయితే కరెంటు 50 సైకిళ్ళ మోత, ఎర్తు తెగింది లేదా పికప్ తీగ మీది జాలీ ఊడింది. దానికి సరిగ్గా ఒక స్థాయి పైన, 100 మీద మోగితే పవరు సప్లైలో కండెన్సరు ఎండిపోయింది. ఈ రెండింటినీ నేను మంద్ర ‘స’, మధ్య ‘స’ అని గుర్తుపెట్టుకున్నాను. సంగీతం పాఠాల్లో అది నాకు ఎక్కలేదు, సోల్డరు పొగలో ఎక్కింది.

ముల్లు గెంతుతోందని తల మీద నాణెం పెట్టడం ఊరంతా ఉన్న అలవాటు. గెంతడం ఆగేది, ఎల్పీ నెల తిరిగేసరికి పాడయ్యేది. మావయ్య నాణేల్ని వేరే పనికి వాడాడు. విరిగిన హాక్‌సా బ్లేడుని మధ్యలో మేకు మీద తక్కెడలా నిలబెట్టి, ఒక కొస మీద పికప్ ముల్లు దించి, రెండో కొస మీద పావలా బిళ్ళలు పెట్టేవాడు. పావలా బరువు 2.5 గ్రాములు. సిరామిక్ తలకి రెండు పావలాలు, అంటే అయిదు గ్రాములు. బరువెక్కువైతే పికప్ చెయ్యి వెనక ఉన్న స్ప్రింగుని ఒక చుట్టు బిగించేవాడు. ఈ ఇనుప తక్కెడ ఇప్పుడు నా దగ్గర ఉంది. పావలాలు కూడా.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత కొట్టు చాలా రోజులు తెరవలేదు. తెరిచాక వచ్చినవి ఎక్కువ రేడియోలు. ఒకరోజు దివిసీమ నుంచి ఒక మాస్టారు వచ్చారు. చేతిలో రేకు ట్రంకు, అందులో బురద ఎండిన పెట్టె, పన్నెండో పదమూడో లక్క ప్లేట్లు. పెట్టెలో బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. క్రిస్టల్ తల విప్పితే లోపల తెల్లటి మరక మాత్రం ఉంది. ప్లేట్లు మాత్రం, విరిగినవి రెండు తప్ప, ఉన్నాయి. వాటిని మంచినీళ్ళలో మెత్తటి గుడ్డతో కడిగి నీడలో ఆరబెట్టాం. లేబుళ్ళు ఊడిపోయాయి. ఏది ఏ ప్లేటో తెలిసే దారి లేదు, వినడం తప్ప. మావయ్య అలమర మీంచి 102 దించి, కీ ఇచ్చి, ప్లేటు ప్లేటుకీ రెండు వైపులా కొత్త ముల్లు పెట్టాడు. మొదటి ముక్క వినగానే మాస్టారు ఏ పద్యమో, ఎవరు పాడారో చెప్పేవారు. నేను తెల్ల ఎనామిలుతో మధ్యలో నల్లటి వట్టిచోట రాసేవాణ్ణి. చెమ్మకి ఉబ్బిన ప్లేట్లు చుట్టుకి ఒకసారి గరగరమనేవి. ఒక ప్లేటు మొదలవగానే మాస్టారు చెయ్యెత్తి ఆపమన్నారు. “ఇది మా ఇంట్లోవాళ్ళకి ఇష్టం,” అన్నారు. ఏ పద్యమో చెప్పలేదు. మావయ్య ముల్లు ఎత్తేశాడు. దాని మీద నేను ఏమీ రాయలేదు.

తర్వాతి పదేళ్ళలో క్యాసెట్టు వచ్చి ఈ పనిని మింగేసింది. దాని గురించి చెప్పుకునేదేమీ లేదు, అందరికీ తెలిసిందే. ఒక్క పెట్టె మాత్రం గుర్తుంది. ఎనభైల చివర్లో ఒక డాక్టరుగారి అబ్బాయి అమెరికా నుంచి తెచ్చిన ప్లేయరు. 110 వోల్టులకి దించే ట్రాన్స్‌ఫార్మరు కూడా తెచ్చుకున్నాడు, అయినా ఘంటసాల గొంతు ముసలివాడిదిలా, ఈడ్చుకుంటూ వస్తోంది. వోల్టేజీ సరిగ్గానే ఉంది. మావయ్య చీటీ పెట్టి లెక్కిస్తే మూడు నిమిషాలకి 100కి బదులు 83 చుట్లు వచ్చాయి. హార్మోనియం మీద మూడు మెట్లు దిగింది, ఇంకా కొసరు. అక్కడి కరెంటు సెకనుకి 60 సైకిళ్ళు, మనది 50. ఆ మోటారు కరెంటు సైకిళ్ళని బట్టి తిరిగేది, ఆరో వంతు వేగం తగ్గిపోయింది. వోల్టేజీ మార్చే డబ్బా సైకిళ్ళని మార్చదు. మోటారు మీద బెల్టు తిరిగే కప్పీ పది మిల్లీమీటర్లు ఉంది. దాన్ని పన్నెండు చేస్తే లెక్క సరిపోతుంది. లేతు పనివాడి చేత మిల్లీమీటరు మందం ఇత్తడి తొడుగు తీయించి ఎక్కించాడు. 180 గీతలు గీసిన కాగితం చక్రాన్ని ప్లేటు మీద పెట్టి ట్యూబులైటు కింద తిప్పాడు. మన ట్యూబులైటు సెకనుకి 100సార్లు ఆరి వెలుగుతుంది కనక, వేగం సరిగ్గా ఉంటే గీతలు కదలకుండా నిలబడతాయి. నిలబడ్డాయి. ఘంటసాల మళ్ళీ ఘంటసాల అయ్యాడు. మావయ్య చేతులు తుడుచుకుని ఆ వైపు ప్లేటంతా విన్నాడు. తప్పు వెతకకుండా పాట వింటున్న ఆయన్ని నేను చూసింది బహుశా అదొక్కసారే.

ఇప్పుడు మళ్ళీ పిల్లలు రికార్డు ప్లేయర్లు కొంటున్నారు. నిరుడు మా తమ్ముడి కూతురు హైదరాబాదులో తన మొదటి ప్లేయరు కొనుక్కుంది. ఆబిడ్స్ ఆదివారం సంతలో రెండు పాత ఎల్పీలు తెచ్చింది, నేను మావయ్య వస్తువుల్లోంచి ఒక వీణ ఎల్పీ ఇచ్చాను. వారం తిరక్కుండా ఫోను. “పెదనాన్నా, చాలా చిన్నగా వస్తోంది. అదీ డబ్బాలో గులకరాళ్ళలా ఉంది.” ఇది మావయ్య కాలంలో లేని రోగం. క్రిస్టల్ దాదాపు ఒక వోల్టు ఇచ్చేది. ఇప్పటి అయస్కాంతపు తల ఇచ్చేది వోల్టులో వెయ్యింట నాలుగైదు వంతులు. పైగా గాడి కొయ్యేటప్పుడు మంద్రం తగ్గించి, తారం పెంచి కోస్తారు. మంద్రాన్ని ఉన్నదున్నట్టు కోస్తే గాడి వెడల్పై పక్క గాడిలోకి పోతుంది. ఎంత తగ్గించాలో, ఎంత పెంచాలో 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఒక లెక్క కుదిర్చింది, అందరూ దానికే కట్టుబడ్డారు. వినేటప్పుడు ఆ లెక్కని తిరగేసే ఫోనో ఆంప్లిఫయరు మధ్యలో ఉండాలి. తను తిన్నగా మామూలు స్పీకరుకి కలిపింది. అరచేతిలో పట్టే డబ్బా ఒకటి తెచ్చి మధ్యలో పెట్టాక మృదంగానికి ఎడమ వైపు కూడా ఉందని తెలిసింది.

రెండో ఫోను మోత గురించి. ఫోనుని స్పీకరు దగ్గర పెట్టమన్నాను. మంద్ర ‘స’. ప్లేయరు వెనక వేలాడుతున్న సన్నటి తీగని డబ్బా మీది మరకి బిగించమన్నాను, పోయింది. మూడోది ‘గుంయ్’మనే కూత. స్పీకరు, ప్లేయరు ఒకే బల్ల మీద ఉన్నాయి. పెళ్ళి పందిట్లో మైకుకి ఎదురుగా బాకా పెడితే ఏమవుతుందో అదే. స్పీకరు కిందికి దింపింది.

నాలుగోది మొన్న. “వీణ ఎల్పీ ఊగుతోంది పెదనాన్నా. మొదట గమకమేమో అనుకున్నాను. కానీ తానంలో కూడా అలాగే ఉంది.”

“చుట్టుకి ఎన్నిసార్లు?” అన్నాను.

తాళం వేస్తున్న చప్పుడు ఫోనులో వినపడింది. “ఒకసారి.”

ఒకసారి అంటే ప్లేటే. ఎదురుగా కూచుని పికప్ చెయ్యి చూడమన్నాను. పైకీ కిందికీ ఆడుతోందా, పక్కలకా? పక్కలకి, అంది. అయితే వంకర కాదు, మధ్య చిల్లు మధ్యలో లేదు. అలాంటి ప్లేట్లకి మావయ్య గుండ్రటి ఆకురాయితో చిల్లు వెంట్రుకవాసి పెద్దది చేసి, చేత్తో జరిపి కేంద్రం పట్టేవాడు. ఈ పిల్ల చేత ఆకురాయి పట్టించడం నాకు ఇష్టం లేకపోయింది. నేను వచ్చి చేస్తానన్నాను.

“చిల్లు ముందే కాస్త పెద్దగా ఉంది పెదనాన్నా, ప్లేటు కదులుతోంది. లేబులు మీద చిల్లు పక్కన పెన్సిలుతో బాణం గుర్తు కూడా ఉంది. ఎవరో పిల్లలు గీసినట్టున్నారు.”

ప్లేటుని ఆ బాణం వైపుకి ఆనేదాకా జరిపి, వదలకుండా ముల్లు దించమన్నాను. కాసేపు ఫోనులో ఏమీ వినపడలేదు. తర్వాత వీణ నిలకడగా వచ్చింది. ఆ వైపు అయ్యేదాకా ఇద్దరం ఫోను పెట్టలేదు.